సుగంధ తైలాలు వాడటం ఎలా: మొదటి సీసా మూత తీసే ముందు

ఒక తెల్ల కాగితం తీసుకోండి. దాని మీద ఒక చోట కొబ్బరి నూనె చుక్క, ఇంకో చోట లావెండర్ తైలం చుక్క వేసి పక్కన పెట్టండి. మర్నాడు చూస్తే కొబ్బరి నూనె పడిన చోట కాగితం జిడ్డుగా, అవతలి వెలుగు కనిపించేలా మారి ఉంటుంది. లావెండర్ పడిన చోట మరక దాదాపుగా ఉండదు, కొద్దిపాటి వాసన మాత్రం మిగిలి ఉంటుంది. సుగంధ తైలాన్ని ఇంగ్లీషులో ఎసెన్షియల్ ఆయిల్ అంటారు. ఆ పేరులో నూనె ఉంది గానీ, ఆ సీసాలో ఉన్నది మనకు తెలిసిన నూనె కాదు. అందులో కొవ్వు లేదు. మొక్కలోని సువాసన పదార్థాలను వేరు చేసి, బాగా చిక్కగా నింపిన ద్రవం అది. మూత తీసి ఉంచితే గాలిలో కలిసిపోతుంది.

నూనె అనగానే మన చెయ్యి అలవాటుగా అరచేతి నిండా ఒంపుకుంటుంది. కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో నేను చూసినవి ఎక్కువగా ఈ అలవాటు నుంచి వచ్చినవే. అందుకే ఇక్కడ పదే పదే చుక్కల లెక్క గురించే చెబుతాను. ఎన్ని చుక్కలు, ఎంత నూనెలో, ఎంతసేపు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, వాసనలతో మీరు ఏళ్ల తరబడి సంతోషంగా గడపవచ్చు.

సీసాలో ఏముంది?

చాలా తైలాలను ఆవిరి పట్టి తీస్తారు. ఆకులోనో పువ్వులోనో ఉన్న సువాసన పదార్థాలు నీటి ఆవిరితో కలిసి పైకి లేస్తాయి. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీరు, తైలం విడివిడిగా నిలుస్తాయి. సాధారణంగా తైలం పైన తేలుతుంది. లవంగ తైలం నీటి కంటే బరువైనది కాబట్టి అడుగుకు చేరుతుంది. నిమ్మ, నారింజ జాతి పండ్ల తైలాలను మాత్రం ఎక్కువగా తొక్కల నుంచి వేడి లేకుండా పిండి తీస్తారు. మల్లె జాతి పువ్వులు ఆవిరి వేడికి తమ పరిమళాన్ని కోల్పోతాయి. అందుకే వాటిని ద్రావకంతో తీస్తారు, అలా వచ్చినదాన్ని అబ్సల్యూట్ అంటారు.

ఒక కిలో గులాబీ తైలం రావాలంటే సుమారు 3000 నుంచి 5000 కిలోల పువ్వులు కావాలి. ఈ లెక్కను కాసేపు మనసులో నిలుపుకోండి. ఒక్క చుక్కలో ఎన్నో పువ్వుల సారం ఇమిడి ఉందంటే, ఆ చుక్కకు ఎంత బలం ఉంటుందో తెలుస్తుంది.

ఆ బలం పేర్లున్న రసాయనాల నుంచే వస్తుంది. లావెండర్‌లో ప్రధానంగా ఉండేవి లినలూల్, లినలైల్ ఎసిటేట్. నీలగిరి తైలంలో సినియోల్, లవంగంలో యూజినాల్, నారింజ తొక్కలో లిమొనీన్, పెప్పర్‌మింట్‌లో మెంథాల్. సహజమైనది కాబట్టి హాని చేయదు అన్న మాట ఇక్కడ చెల్లదు. మొక్కలు వీటిలో చాలావాటిని పురుగుల నుంచి, శిలీంధ్రాల నుంచి తమను కాపాడుకోవడానికే తయారు చేసుకుంటాయి.

అరోమాథెరపీ, అంటే సుగంధ తైలాలతో చికిత్స, అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చినది రెనె మారిస్ గాట్‌ఫోసె అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. 1937లో ఆయన ఆ పేరుతోనే పుస్తకం వేశారు. ప్రయోగశాలలో చెయ్యి కాలితే పక్కనే ఉన్న లావెండర్ తొట్టెలో అనుకోకుండా ముంచారని, గాయం ఇట్టే మానిపోయిందని ఒక కథ ఊరూరా తిరుగుతోంది. ఆయన రాసుకున్నది వేరు. 1910లో జరిగిన ప్రమాదంలో కాలిన చేతులకు గ్యాంగ్రీన్ (కండ కుళ్లిపోయే జబ్బు) సోకితే, తెలిసే, చికిత్సగానే లావెండర్ తైలంతో కడిగారు. ఈ కథను నమ్మి కాలిన చర్మం మీద తైలం పోసేవారు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కాలిన చోట చల్లటి కుళాయి నీటి ధార పెట్టాలి, ఆ తర్వాత అవసరాన్ని బట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

అడుగు 1: ఒక్క సీసా కొనండి

పన్నెండు సీసాల పెట్టె చూడముచ్చటగా ఉంటుంది, కానీ పన్నెండింటినీ ఒకేసారి నేర్చుకోలేరు. సగం వాడకుండానే పాతబడిపోతాయి. నా సలహా ఒక్క సీసాతో మొదలుపెట్టమనే. చాలామందికి లావెండర్ మంచి ఆరంభం. ఆ వాసన నచ్చకపోతే తీపి నారింజ తీసుకోండి. దాల్చినచెక్క, లవంగం, ఒరెగానో, నిమ్మగడ్డి తైలాలను మొదటి సంవత్సరం చర్మానికి దూరంగా ఉంచండి. చర్మాన్ని మండించడంలో ఇవి ముందుంటాయి.

లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. ఇది పండితుల పట్టింపు కాదు. లావెండర్ అనే ఒక్క పేరుతో మూడు నాలుగు రకాల తైలాలు దొరుకుతాయి. లావండ్యులా అంగుస్టిఫోలియా మృదువైనది. దాని సంకరజాతి అయిన లావెండిన్‌లో కర్పూరం మోతాదు ఎక్కువ, వాసనలో ఘాటు కూడా ఎక్కువే. నిద్రకు ముందు హాయి కోసం కొన్న సీసాలో రెండోది ఉంటే మీకు నిరాశే మిగులుతుంది. టీ ట్రీ తైలం కొనేటప్పుడు మెలల్యూకా ఆల్టర్నిఫోలియా అన్న పేరు కనిపించాలి. మనం తాగే టీ మొక్కకూ దానికీ సంబంధం లేదు.

శాస్త్రీయ నామంతో పాటు మొక్కలో ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు, ఏ దేశంలో పండింది, ఏ బ్యాచ్ అన్న వివరాలు ఇచ్చే తయారీదారు మీద నాకు నమ్మకం ఎక్కువ. అడిగితే ఆ బ్యాచ్ గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక, అంటే తైలంలో ఏ రసాయనం ఎంత ఉందో చెప్పే పరీక్ష ఫలితం, చూపించగలిగితే ఇంకా మంచిది. గులాబీ, నారింజ, చందనం అన్నీ ఒకే ధరకు అమ్ముతున్న చోట కొనకండి. వేల కిలోల పువ్వుల కథ గుర్తుంది కదా, ఆ మూడూ ఒకే ధరకు రావడం జరగని పని. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉంటే అది పరిమళం కోసం కలిపి తయారు చేసినది, సుగంధ తైలం కాదు. థెరప్యూటిక్ గ్రేడ్ అన్న ముద్ర చూసి మోసపోకండి. అలాంటి గ్రేడును నిర్ణయించే స్వతంత్ర సంస్థ ఏదీ లేదు, అది అమ్మకం కోసం పుట్టిన మాట. తైలాల కూర్పుకు అంతర్జాతీయ ప్రమాణాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. టీ ట్రీ తైలానికి ఐఎస్ఓ 4730, లావెండర్‌కు ఐఎస్ఓ 3515.

సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి. మూత కింద చుక్కచుక్కగా వదిలే బిరడా ఉండాలి. పిల్లలు తెరవలేని మూత అయితే మరీ మంచిది.

అడుగు 2: ముక్కుకు పరిచయం చేయండి

మూత తీసి సీసాను ముక్కుకు ఆనించకండి. ఘాటు ఒక్కసారిగా తగిలితే ముక్కు మొద్దుబారుతుంది, ఆ తర్వాత ఏ తేడానూ పట్టలేదు. మందపాటి కాగితాన్ని వేలెడు వెడల్పున చింపి, కొసన ఒక చుక్క వేసి, ముక్కుకు జానెడు దూరంలో మెల్లగా ఊపండి. ఏమనిపించిందో రాసుకోండి. పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, గంట తర్వాత మళ్లీ, మర్నాడు మళ్లీ. ఒకే చుక్క నాలుగు రకాలుగా మాట్లాడుతుంది. తేలికైన అణువులు ముందు ఎగిరిపోతాయి, బరువైనవి నిలుస్తాయి. నారింజ గంటల్లో మాయమైపోతుంది. వట్టివేరు, పచౌలి రోజుల తరబడి కాగితాన్ని వదలవు.

ఈ అడుగును దాటవేయాలనిపిస్తుంది. దాటవేయకండి. ముక్కులోని వాసన కణాలు పంపిన సంకేతాలు మెదడులో ఘ్రాణ కందానికి చేరి, అక్కడి నుంచి భావోద్వేగాలను, జ్ఞాపకాలను చూసుకునే అమిగ్డాలా, హిప్పోక్యాంపస్ ప్రాంతాలకు దగ్గర దారిలో వెళ్తాయి. చూపు, వినికిడి అయితే ముందుగా థాలమస్ అనే కూడలి గుండా పోవాలి. వాసనకు ఆ చుట్టుదారి అవసరం లేదు. ముక్కు వాసనలను ఎలా గుర్తిస్తుందో వివరించిన రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక వాసన ఎప్పటిదో రోజును కళ్ల ముందు నిలబెట్టడానికి ఈ దగ్గర దారే కారణమని చెబుతారు. అందువల్లే అందరికీ హాయినిచ్చే తైలం అంటూ ఒకటి ఉండదు. లావెండర్ వాసన వస్తున్న గదిలో మీరు ఒక చెడ్డ కబురు విని ఉంటే, ఆ వాసన మీకు నిద్ర తేదు. జాబితాలు ఏమి చెప్పినా, చివరి మాట మీ ముక్కుదే.

అడుగు 3: గాలిలో కలపండి

అన్నిటికంటే సులువైన పద్ధతి చేతిరుమాలు. ఒక చుక్క వేసి దగ్గర ఉంచుకోండి. మీకు చాలనిపించగానే తీసి దూరంగా పెట్టేయవచ్చు. ఇంకే పద్ధతిలోనూ ఇంత వీలు లేదు.

నీటితో నడిచే అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్ (తైలం కలిపిన నీటిని సన్నటి మంచులా గాలిలోకి వదిలే పరికరం) ఉంటే 100 మిల్లీలీటర్ల నీటికి 3 నుంచి 5 చుక్కలు చాలు. అరగంట నడిపి ఆపండి, కనీసం అంతసేపు విరామం ఇచ్చి కావాలంటే మళ్లీ నడపండి. తలుపో కిటికీయో కొంచెం తెరిచి ఉంచండి. కాసేపటికి మీకు వాసన తెలియడం మానేస్తుంది. తైలం అయిపోయిందనుకుని మళ్లీ చుక్కలు వేస్తారు. నిజానికి తైలం గాలిలోనే ఉంది, అలసినది మీ ముక్కు. బయటికి వెళ్లి వస్తే సంగతి తెలుస్తుంది. రాత్రంతా నడపడం వల్ల అదనపు మేలు ఏమీ లేదు, తలనొప్పి రావచ్చు.

వేడి నీటి ఆవిరి పట్టడమంటే పెద్దలకు మాత్రమే చెబుతాను. పొయ్యి మీంచి దించి కొంచెం చల్లారిన నీటిలో ఒక్క చుక్క నీలగిరి తైలం వేసి, కళ్లు మూసుకుని, రెండు మూడు నిమిషాలు పట్టండి. కళ్లు తెరిస్తే మండుతాయి. పిల్లలకు ఈ పద్ధతి వద్దు. మరిగే నీళ్లు ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం తైలం వల్ల వచ్చే మేలు కంటే చాలా పెద్దది.

అడుగు 4: నూనెలో కలిపి ఒంటికి రాయండి

ఇక్కడ నిదానించాలి. ఏ తైలాన్నీ నేరుగా చర్మం మీద వేయకండి. ఆరిపోని, వాసన పెద్దగా లేని మామూలు నూనెలో కలిపి వాడాలి. ఈ నూనెను క్యారియర్ అంటారు, అంటే తైలాన్ని మోసుకెళ్లేది. కొబ్బరి, నువ్వులు, బాదం, జొజోబా, ద్రాక్ష గింజల నూనెల్లో ఏదైనా పనికొస్తుంది. జొజోబా నిజానికి ద్రవ రూపంలో ఉన్న మైనం, అందుకే ఎక్కువ కాలం పాడవదు.

లెక్క ఇదీ. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు వస్తాయి. 30 మిల్లీలీటర్ల నూనెలో 6 చుక్కలు వేస్తే 1 శాతం, 12 చుక్కలు వేస్తే 2 శాతం, 18 వేస్తే 3 శాతం. ముఖానికి 1 శాతం మించవద్దు, సున్నితమైన చర్మమైతే అందులో సగం. ఒంటికి 2 శాతం సరిపోతుంది. 3 శాతం అంటే కొద్దిపాటి చోట, కొద్ది రోజులు మాత్రమే. రెండు తైలాలు కలిపితే ఒక్కోదానికి 12 చుక్కలు వేయకండి, రెండూ కలిసి 12 కావాలి. ఈ ఒక్క చోట చాలామంది తప్పటడుగు వేస్తారు. చిక్కటి తైలాల చుక్క పెద్దదిగా పడుతుంది కాబట్టి చందనం, వట్టివేరు లాంటివి ఒకటి రెండు చుక్కలు తగ్గించే వేయండి.

శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరిన గాజు సీసాలో ముందు తైలం చుక్కలు వేసి, ఆ తర్వాత నూనె పోయండి. మూత పెట్టి అరచేతుల మధ్య దొర్లించండి. సీసా మీద ఏమి కలిపారో, ఎన్ని చుక్కలో, ఏ తేదీనో రాసి అంటించండి. గుర్తుంటుందిలే అనుకోకండి.

ఒంటికి రాసే ముందు పరీక్ష తప్పదు. మోచేతి లోపలి వైపు ఆ మిశ్రమం ఒక చుక్క రాసి, కట్టు కట్టి, 24 గంటలు తడవకుండా ఉంచండి. ఎర్రబడినా, దురద పుట్టినా, మంట వచ్చినా వెంటనే కడిగేయండి. ఏమీ కాకపోతే మరో రోజు గమనించి వాడండి. తైలాల వల్ల వచ్చే అలర్జీ ఒకసారి మొదలైతే జీవితాంతం ఉండిపోవచ్చు. ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా వాడిన తైలమే ఒకరోజు పడకుండా పోవచ్చు. పలచన చేయకుండా రోజూ ఒకే చోట రాస్తే ఆ ముప్పు పెరుగుతుంది.

స్నానం గురించి నా అనుభవం చెప్పాలి. కొత్తలో నేను గోరువెచ్చని నీటి తొట్టెలో నిమ్మగడ్డి తైలం నాలుగు చుక్కలు వేసి కూర్చున్నాను. తైలం నీటిలో కలవదని తెలుసు, కానీ నాలుగు చుక్కలు ఏమి చేస్తాయిలే అనుకున్నాను. పైన తేలిన తైలం అలాగే చిక్కగా తొడలకు అంటుకుంది. పది నిమిషాల్లో మంట మొదలైంది, ఎర్రటి మరకలు మూడు రోజులు ఉన్నాయి. ఉప్పులో కలిపి వేసినా ఇదే జరుగుతుంది, ఉప్పు కరిగిపోగానే తైలం పైకి తేలుతుంది. స్నానానికి వాడాలంటే వాసన లేని ద్రవ సబ్బు ఒక చెంచాలో నాలుగైదు చుక్కలు బాగా కలిపి, ఆ తర్వాతే నీటిలో వేయాలి.

చర్మం మండితే ముందు మామూలు నూనె రాసి తుడిచి, ఆపైన సబ్బుతో కడగండి. ఉత్త నీటికి తైలం వదలదు. కంట్లో పడితే మాత్రం నీరే మందు. 15 నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే వైద్యుడికి చూపించండి.

పిండి తీసిన బెర్గమాట్, నిమ్మ తైలాలలో ఫ్యూరోకూమరిన్లు ఉంటాయి. అవి రాసిన చోట ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి, నల్లటి మచ్చలు నెలల తరబడి పోవు. ఇవి రాసుకుంటే కనీసం 12 గంటలు ఆ చోటికి ఎండ తగలనివ్వకండి. తీపి నారింజతో ఈ బెడద లేదు.

చేయకూడనివి, జాగ్రత్త పడవలసినవారు

తైలాన్ని మింగకండి. నీళ్లలో ఒక చుక్క వేసుకుని తాగమనే సలహాలు చాలా కనిపిస్తాయి, వాటిని పట్టించుకోకండి. వింటర్‌గ్రీన్ అనే మొక్క తైలం దాదాపు మొత్తం మిథైల్ శాలిసిలేటే, అది ఆస్పిరిన్ జాతి రసాయనం. ఒక చిన్న చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, ఇరవై మాత్రలకు పైగా ఆస్పిరిన్‌తో సమానం. చిన్న పిల్లలు అంత మింగితే ప్రాణం పోవచ్చు. నీలగిరి, కర్పూర తైలాలు కొద్దిగా కడుపులోకి వెళ్లినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, తైలం ఊపిరితిత్తుల్లోకి జారితే పరిస్థితి మరింత విషమిస్తుంది. సీసా చేతిలో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

పసిపిల్లల ముఖం దగ్గరికి పెప్పర్‌మింట్, నీలగిరి తీసుకురాకండి. వారికి ఊపిరి అందకపోవచ్చు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ తైలం దానికి తగలనివ్వకండి. తైలాల్లోని చాలా పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. డిఫ్యూజర్ పెట్టిన గది నుంచి అది బయటికి వెళ్లే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి.

ఎంతవరకు ఆశించాలి?

లావెండర్ వాసన కొంతమందిలో ఆందోళనను కొంత తగ్గించిందని పరిశోధనలు ఉన్నాయి. తల బిగుసుకుపోయే రకం తలనొప్పికి పెప్పర్‌మింట్ ద్రావణాన్ని నుదుటికి రాస్తే ఉపశమనం కలిగినట్లు, 5 శాతం టీ ట్రీ జెల్ మొటిమలను నెమ్మదిగా తగ్గించినట్లు కూడా పరీక్షల్లో తేలింది. ఇవి నిజమైన మేలులే, వాటిని తక్కువ చేయను. అయితే ఏ వాసనా క్యాన్సర్‌ను నయం చేయదు, మధుమేహాన్ని తగ్గించదు, అంటువ్యాధిని ఆపదు. తైలం నమ్ముకుని మందు మానేయమని ఎవరు చెప్పినా వారి మాట వినకండి. అలసిన సాయంత్రం పది నిమిషాలు కళ్లు మూసుకుని నచ్చిన వాసనతో కూర్చుంటే మనసు తేలికపడుతుంది. నేను ఇన్నేళ్లుగా ఈ సీసాలను దాచుకున్నది దాని కోసమే.

అడుగు 5: పాతబడనివ్వకండి

గాలి, వెలుతురు, వేడి మూడూ తైలానికి పడవు. మూత బిగించి, చల్లటి చీకటి చోట, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. రబ్బరు డ్రాపరు బిగించి నిల్వ చేస్తే రబ్బరు మెత్తబడి తైలంలో కరుగుతుంది. తైలాలు తేలిగ్గా మండుతాయి కాబట్టి పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచండి.

నారింజ, నిమ్మ, టీ ట్రీ తైలాలు ఏడాది రెండేళ్లలో మారిపోతాయి. లిమొనీన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది, అవి చర్మానికి అలర్జీ తెస్తాయి. వాసన పుల్లగా, వార్నిష్‌లా అనిపించినా, ద్రవం చిక్కబడినా ఇక చర్మానికి వాడకండి. చందనం, పచౌలి, వట్టివేరు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా మెత్తగా, లోతుగా మారతాయి. కొత్త సీసా తెరిచిన రోజే మూత మీద చిన్న కాగితం ముక్క అంటించి తేదీ రాయండి. రెండేళ్ల తర్వాత ఆ సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు, వాడాలా వద్దా అన్నది ఆ తేదీ చూసి, ఒకసారి వాసన చూసి తేల్చుకోవచ్చు.